‘మందు’ అని ఉండవలసిన చోట

ఒకే మాట పార్టీ ఆఫీసు,
లాండ్రీ మీది గది,
ఎన్నికలకు ఇంకా పదిహేను వారాలు.

అక్కకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఉభయుల్లో ఒకరి కుశలం నాకు తెలీదు, రెండోవాడి కుశలం చెప్పుకోదగ్గది కాదు. కాబట్టి తిన్నగా విషయానికొస్తాను.

మా పార్టీకి గుర్తు వచ్చింది. దువ్వెన. ఎన్నికల ఆఫీసులో గుమస్తా నా తల వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూసి, నవ్వు మింగలేక దగ్గాడు. ఇంకేం మిగల్లేదా అంటే గరిటె ఉందన్నాడు. గరిటె అయితే జనం భోజనం పెడతారనుకుని వస్తారు, తర్వాత కొడతారు. దువ్వెనే తీసుకున్నాను. బట్టతల అధ్యక్షుడు, దువ్వెన గుర్తు. మా కార్యదర్శి, ఆ టైలరు, నన్ను ఓదార్చాడు: "లేనివాడి కోసమే కదా సార్ పోరాటం."

గంజాయి నేరం కాదనే ఈ పార్టీలో సభ్యులం ఇప్పటికీ పదకొండుమందిమే. పాల దుకాణం ముందు నుంచి నడిస్తే చాలు, "ఏం అధ్యక్షా, పార్టీలో దమ్ముందా?" అని అడిగి వాళ్లలో వాళ్లే పొర్లి పొర్లి నవ్వుకుంటారు. నవ్వనీ. సారా కొట్టుకి రిబ్బను కత్తిరించిన మంత్రే, జేబులో చిటికెడు గంజాయి దొరికిన కూలివాణ్ణి పదేళ్లు లోపల వెయ్యాలని సభలో బల్ల గుద్దితే వీళ్లకు నవ్వు రాదు. తులసివనంలో గంజాయి మొక్క అని సామెత చెబుతారు నాకు. ఆ తులసివనం ఎక్కడుందో ఒక్కసారి చూపించమను, నేనే వెళ్లి నీళ్లు పోసి వస్తాను.

మా మొదటి నియమం నీకు చెప్పాను కదా. వస్తువుని దాని పేరుతోనే పిలవాలి. గంజాయి. ఆకు అనకూడదు, మూలిక అనకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా మందు అనకూడదు. మన భాషలో మందు అంటే ఒకడికి మాత్ర, ఒకడికి సీసా, ఒకడికి పురుగుల డబ్బా, ఇంకొకడికి తుపాకీ. చాటు మాటలు వాడేది దొంగలు. మేం దొంగలం కాదు. మీటింగులో ఎవరి నోట చాటు మాట వచ్చినా ఆ రోజు గది ఊడ్చేది వాడే. రెండుసార్లు లెక్కల మాస్టారు ఊడ్చారు.

బావకు నాలుగో కరపత్రం విడిగా పంపాను. తప్పులు పట్టమను. మూడోదాంట్లో రెండు పట్టి "ఏమయ్యా కామా, కళ్లజోడు మార్చు" అని కార్డు రాశారు. ఇరవై రెండేళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి, రిటైరైన జైలు వార్డరు చేతిలో ఓడిపోతున్నాను. ఎలా ఉన్నారాయన? నువ్వు ఫోన్లో "పరవాలేదు" అనే మాట ఎంత జాగ్రత్తగా పలుకుతున్నావో నాకు వినబడుతూనే ఉంది.

నీ తమ్ముడు.


ఆడవాళ్ల వార్డు, డ్యూటీ గది,
బుధవారం.

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్లో చెప్పలేకే ఇది రాస్తున్నాను. మా ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక కర్టెను. మీ బావకు ఒళ్లంతా సహకరించడం మానేసినా చెవులు మాత్రం పాము చెవులు.

క్యాన్సరు వెన్నుపూసలోకి పాకింది. ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఒకరికొకరం చెప్పుకోలేదు. పక్క మీద అటు నుంచి ఇటు తిరగడానికి పావుగంట. ఆ పావుగంట నేను గోడ వైపు చూస్తాను. నేను చూస్తే ఆయన మూలగరు, మూలగకపోతే నొప్పి లోపలే తిరుగుతుంది.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే ఆస్పత్రిలో నర్సుని. గట్టి నొప్పి మాత్రలున్న బీరువా తాళం నా నడుముకే వేలాడుతోంది. అందులోంచి మీ బావకు ఒక మాత్ర తియ్యాలంటే మూడు సంతకాలు కావాలి. రెండయ్యాయి. మూడో ఆయన సెలవులో ఉన్నాడు. వచ్చాక "మీ సొంత మనిషికి కదమ్మా, పద్ధతిగా వెళ్దాం" అంటాడు. కిందటి నెల ఇచ్చిన నాలుగు రోజుల మాత్రలకే ఆయన కడుపులో ఏదీ నిలవలేదు. తిన్న ముద్ద తిన్నట్టు బయటికి వచ్చేది.

సాయంత్రం ఆరు గంటలంటే నాకు భయం. జైల్లో తలలు లెక్కపెట్టి తాళాలు వేసే వేళ అది. నొప్పి ఎక్కువైతే మగతలో ఆయన లెక్క మొదలుపెడతారు. ముప్పై ఒకటి, ముప్పై రెండు. ఒకడు తగ్గుతాడు. మళ్లీ మొదటి నుంచి.

నేను అడిగేది ఒకటే. మీ దగ్గర ఉందా? మీ పార్టీ దేని కోసం పుట్టిందో, అది. నా వార్డులో ఉన్న రోగుల్లో ఇద్దరికి అది వాంతులు ఆపింది. ఎక్కడిదని అడగలేదు, నాకెందుకని. ఇప్పుడు నాకు కావాలి.

అక్క.


ఆఫీసు,
శుక్రవారం.

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

ఎవరికీ చెప్పకూడని సంగతి చెబుతున్నాను. మా దగ్గర లేదు. ఒక్క ఆకు లేదు. ఎక్కడ దొరుకుతుందో కూడా నాకు తెలీదు. పోలీసులు ఎప్పుడొచ్చినా ఏమీ దొరకకూడదని మేం పెట్టుకున్న రెండో నియమం అది. టైలరుని మెల్లగా అడిగాను. వాడు నా కంటే అమాయకుడు, "మీరు కాలుస్తారనుకున్నాను సార్" అన్నాడు. లెక్కల మాస్టారికి సిగరెట్ పొగే పడదు. ఉప్పు కోసం సత్యాగ్రహం చేస్తూ చప్పిడి కూడు తినేవాళ్లం మేం. నవ్వు అక్కా, నవ్వొస్తే.

నీ ఉద్యోగం, నీ పింఛను, అన్నిటికంటే నువ్వు. పట్టుబడితే నర్సువని ఎక్కువ వేస్తారు, తక్కువ కాదు. ఇదంతా తెలిసి వద్దని రాయాలి. రాయలేకపోతున్నాను. బీరువా తాళం నడుముకి కట్టి, లోపలున్నది మాత్రం ముట్టుకోకూడదన్నవాళ్ల చట్టాన్ని నా అక్క గౌరవించాలని నేను ఏ ముఖంతో చెప్పను?

దొరికితే ఎలా పనిచేసిందో రాయి. అందులోంచి నాలుగు ముక్కలు అచ్చు వేసుకోనిస్తావా? పేరు లేకుండా, ఊరు లేకుండా. నేను ఆరేళ్లుగా అరుస్తున్నది వాదన అక్కా. జనానికి వాదన ఎక్కదు, మనిషి కావాలి.

తమ్ముడు.


డ్యూటీ గది,
అయిదు వారాల తర్వాత.

తమ్ముడూ,

దొరికింది. ఎవరిచ్చారని అడగకు. దుప్పట్లు ఉతికే చోట దొరకని వస్తువు ఏ ఆస్పత్రిలోనూ ఉండదు.

ఆయనకు కొత్త మందు వచ్చిందని చెప్పాను. "దేశీయా, విదేశీయా?" అన్నారు. "మందు మందే, నోరు తెరవండి" అన్నాను. ఈ ఇంట్లో దాని పేరు మందు. నా మనసులో కూడా వేరే పేరుతో పిలవను, ఎప్పుడైనా నోరు జారుతుందని.

మొదటి రెండు రోజులు ఏమీ లేదు. ఆయనకు మందు ఇచ్చిన మూడో రోజు జావ తాగి, గిన్నె నాకు తిరిగి ఇస్తూ "ఉప్పు తక్కువైంది" అన్నారు. నేను వంటగదిలోకి వెళ్లి తలుపు చాటున నిలబడ్డాను. నాలుగు నెలల తర్వాత ఆయన వంకపెట్టిన మొదటి తిండి అది. ఆ సాయంత్రం ఆరయింది, ఏడయింది, లెక్క మొదలవలేదు. నిద్రపోయారు. ఎన్నాళ్లకో నేనూ కూర్చున్నచోటే నిద్రపోయాను.

ఇప్పుడు దిండు ఆనించుకుని కూర్చుంటున్నారు. నీ అయిదో కరపత్రంలో నాలుగు తప్పులు పట్టారు, ఎర్ర పెన్సిలు లేక నా పెదాల రంగుతో గీశారు. మొన్న నేను తల దువ్వుకుంటుంటే, "చాలా ఏళ్ల తర్వాత నీ జుట్టు చూస్తున్నాను, ఎప్పుడు తెల్లబడింది?" అన్నారు. పెళ్లయి ముప్పై ఒక్క ఏళ్లు. ఇలాంటి మాట ఇన్నాళ్లలో ఆ నోటి నుంచి రాలేదు. మందు ప్రభావం అంటావా? అయితే అవనీ.

ఆయనకు తెలీదు, తెలియకూడదు. తెలిస్తే ముట్టరు. సొంత అన్న కొడుకు వరండాలో బీడీ వెలిగిస్తే వారం రోజులు మాట్లాడని మనిషి.

నువ్వు అడిగావు కాబట్టి రెండు ముక్కలు వేసుకో. ఇలాంటి ఇంట్లో ఉన్న ఇంకొకరికి పనికొస్తుందంటే సరే. పేరు, ఊరు, ఉద్యోగాలు వద్దు. నేను రాసిన మాటలు రాసినట్టే వెయ్యి, నీ ఉపన్యాసం కలపకు. ఉత్తరం చింపెయ్.

అక్క.


ఆఫీసు,
ఎన్నికలకు ఏడు వారాలు.

అక్కా,

ఏడో కరపత్రం వచ్చింది. ఆరేళ్లలో మొదటిసారి మా కరపత్రం ఇచ్చిన చోటే కింద పడలేదు. అంటే జనం చదివి పారేశారు, చదవకుండా పారెయ్యలేదు. పాల దుకాణం వాడు దమ్ము ఊసెత్తలేదు. "ఆ ఆవిడ మొగుడు ఇప్పుడెలా ఉన్నాడు?" అని అడిగాడు. టైలరు భార్య చదువుతూ కళ్లు తుడుచుకుని, ఇన్నాళ్లుగా మీరు ఏదో గొడవ చేస్తున్నారనుకున్నాను అందట.

నీ మాటలు నీవే. పేరు తీశాను, ఊరు తీశాను, ఆస్పత్రి తీశాను, జైలు తీశాను. నా ఉపన్యాసం ఒక్క ముక్క లేదు, ఒట్టు. మూడో పేరా ఇలా పడింది: "ఆయనకు గంజాయి ఇచ్చిన మూడో రోజు జావ తాగి, ఉప్పు తక్కువైంది అన్నారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. నాలుగు నెలల తర్వాత ఆయన వంకపెట్టిన మొదటి తిండి అది."

అక్కడక్కడా కుదించాను తప్ప, మార్చింది ఒకే ఒక్క మాట. నువ్వు ‘మందు’ అన్న చోట పేరు పెట్టాను. మొదటి నియమం, నీకు తెలుసు. అధ్యక్షుడి అక్క అయినంత మాత్రాన చాటు మాటకి మినహాయింపు ఇస్తే రేపు ఎవణ్ణి ఆపగలను? పైగా ఆ ఒక్క మాట దగ్గరే కదా అంతా ఉంది. ‘మందు’ అనే ఉంటే అది ఒక ఇల్లాలి కథ. పేరు పెట్టాక చట్టం మీద అభియోగపత్రం.

రెండు వేల కాపీలు పంచాం. చందాదార్ల జాబితా ప్రకారం టైలరు పోస్టులో వేశాడు, ఒక్కటి కూడా మిగల్చకుండా. నువ్వు ఇంత బాగా రాస్తావని ఇన్నాళ్లూ తెలీలేదు. నువ్వు రాయాల్సింది అక్కా, నేను దిద్దాల్సింది.

తమ్ముడు.


ఇల్లు,
గురువారం.

బామ్మర్దికి,

నీ ఏడో కరపత్రం అందింది. అలవాటు ప్రకారం చూశాను. అచ్చు శుభ్రంగా ఉంది. ఒకే ఒక్క తప్పు దొరికింది. మూడో పేరా, మొదటి వరుస. ‘మందు’ అని ఉండవలసిన చోట ‘గంజాయి’ అని పడింది. సరిచూసుకోగలవు.

మీ అక్క వార్డుకి వెళ్లింది. ఆవిడ వచ్చేలోపు రాయాలి. పెన్ను పట్టడం ఇప్పుడు నాకు కొంచెం కష్టం, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించు.

మీ అక్క మీద నాకు కోపం లేదు. నీ మీద ఉందనుకున్నాను, రెండు రోజులు వెతికాను, దొరకలేదు.

నీకొక సంగతి చెప్పాలి. ఇరవయ్యేళ్ల కిందట ఒక తాపీ మేస్త్రి మా గేటుకి వచ్చాడు. గోడ కూలి నడుం దెబ్బతిన్న మనిషి. ఏదో చిల్లర తగాదాలో మూడు నెలల శిక్ష. సోదా చేస్తే పంచె మడతలో చిన్న పొట్లం దొరికింది. "ఏంట్రా ఇది?" అన్నాను. "మందండీ. ఇది లేకపోతే నిలబడలేను" అన్నాడు. రిజిస్టర్లో ‘దొరికిన వస్తువు’ అని ఒక గడి ఉంటుంది. అతను మందు అన్నాడు. నేను గంజాయి అని రాశాను. మూడు నెలలు నాలుగేళ్లయింది.

నువ్వు చేసిన దిద్దుబాటే బామ్మర్దీ. నీకంటే ముందు నేను చేశాను. రాసింది తప్పు కాదు కదా, ఉన్నదే రాశాం ఇద్దరమూ.

మూడేళ్లకు పైగా రోజూ సాయంత్రం లెక్కలో అతను వంగి నిలబడేవాడు. తల కనబడక లెక్క తప్పేది. నిటారుగా నిలబడరా అని అరిచేవాణ్ణి. మిగతావాళ్లు నవ్వేవారు. నిటారుగా నిలబడడం అంటే ఏమిటో నాకు ఈ నాలుగు నెలల్లో తెలిసింది. అతను బయటికి వెళ్లలేదు. మూడో ఏడు దాటాక లెక్కలో ఒకడు తగ్గాడు.

నీ కరపత్రాలన్నీ తప్పుల కోసం చదివాను, విషయం కోసం ఒక్కటీ చదవలేదు. ఇప్పుడు బొత్తి దించి మొదటి నుంచి ఏడూ చదివాను. నువ్వు చెప్పింది నిజం. అక్షరం అక్షరం ఒప్పుకుంటున్నాను. వాదనలో నేను ఓడిపోయాను.

ఓడిపోయాక దాన్ని మింగలేను. అది నేరమైతే నాకు వద్దు. మందైతే, అతని దగ్గర లాక్కున్నది నేను. అతనికి లేనిది నాకెలా వస్తుంది? గేటు దగ్గర లాక్కున్నవాడికే చివరికి దక్కిందంటే, ఇన్నేళ్లు అక్కడ నిలబడింది దాని కోసమే అన్నట్టుంటుంది.

మీ అక్కని తిట్టకు, మెచ్చుకోకు.

బావ.


ఆఫీసు,
సోమవారం.

అక్కా,

బావ ఉత్తరం వచ్చింది. నీకు చూపించకుండా రాశారని అర్థమైంది కాబట్టి చెబుతున్నాను. ఆయనకు తెలిసిపోయింది. నా వల్ల.

ఊరు తీశాను, పేరు తీశాను, జైలు తీశాను. చందాదార్ల జాబితాలోంచి ఆయన్ని తియ్యలేదు. నాకు తట్టలేదు అక్కా. ఆయన నాకు చదివే మనిషి కాదు, తప్పులు పట్టే మనిషి. అయిదేళ్లుగా మొదటి కాపీ ఆయనకే వెళుతోంది. టైలరు అలవాటుగా ఆయన కవరే ముందు అంటించాడు. ఒక కాపీ ఆగినా సరిపోయేది. ఒక మాట ఆగినా సరిపోయేది. నువ్వు రాసినట్టే వదిలేసి ఉంటే, ఇలాంటి ఇల్లు ఇంకోటుందని అనుకునేవారు.

నేను వస్తున్నాను. ఎదురుగా కూర్చుని మాట్లాడతాను. ఆయన తర్కంలో లోపం ఉంది. ఆయన నొప్పి పడితే ఆ మేస్త్రికి ఒరిగేదేమిటి? ఒక అన్యాయానికి రెండోది జమ అవుతుంది, అంతే కదా. దీన్ని పాయింటు పాయింటుగా పెడితే ఆయన కాదనలేరు. ఏ రోజు రావాలో రాయి. ప్రచారం టైలరు చూసుకుంటాడు.

తమ్ముడు.


ఇల్లు,
ఎన్నికలకు నాలుగు వారాలు.

తమ్ముడూ,

రావద్దు. మీ ఇద్దరి మధ్య వాదన జరిగి, ఆయన మళ్లీ ఓడిపోయి, ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ఇక్కడ జరుగుతున్నది పాయింట్లతో తేలేది కాదు.

ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం పక్కన నీ కాగితాలు ఏడూ వరసగా పేర్చి ఉన్నాయి. నేను చెప్పులు కూడా విప్పలేదు. "మందు వేళయింది" అన్నాను. "దాని పేరేమిటి?" అన్నారు. "మందు" అన్నాను. "పేరుతో పిలువు, ఒక్కసారి" అన్నారు. పిలవలేదు. పిలిస్తే ఒప్పుకున్నట్టవుతుందని. పిలవకపోతే అబద్ధం ఆడుతున్నట్టే అయింది.

బతిమాలాను. తిట్టాను. మీకు పాపభీతి, నాకు మిగిలేది చాకిరీ అన్నాను. "చాకిరీ చెయ్యకు, పడుకోబెట్టి వెళ్లు" అన్నారు, మర్యాదగానే. ఆ మర్యాదకి చెంప పగలగొట్టాలనిపించింది. నాలుగో రోజు జావలో కలిపాను. చెంచా నోటి దాకా వచ్చాక ఆగి, నా ముఖం చూసి, చెంచా మెల్లగా గిన్నెలో పెట్టేశారు.  అప్పటి నుంచి నేను చేసిన ఏదీ తినడం లేదు. కింది వాటాలో ఎలక్ట్రీషియన్ భార్య చేసి పంపితేనే తింటారు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో నా చేతి కూడు నమ్మని మనిషి అయ్యారు. నువ్వు పోగొట్టింది ఒక్క మందే అనుకుంటున్నావేమో.

మూడో సంతకం పడింది, మాత్రలు వచ్చాయి. అవీ వద్దన్నారు. "అతనికి ఇవి కూడా ఇవ్వలేదు" అన్నారు. మేస్త్రి ఎవరో నాకు అప్పుడు చెప్పారు. పేరు చెప్పలేదు. గుర్తు రావడం లేదట. నంబరు గుర్తుంది. పేరు కోసం రోజంతా పడుకుని వెతుక్కుంటున్నారు. నొప్పి కంటే అదే ఎక్కువ బాధిస్తున్నట్టుంది.

సాయంత్రం లెక్క మళ్లీ మొదలైంది. ఇప్పుడు మెలకువగా ఉండే లెక్కపెడుతున్నారు.

నువ్వు మంచివాడివేరా. అదే నీతో వచ్చిన చిక్కు. చెడ్డవాడివైతే నా ఉత్తరంలో ఆ మాటని అలాగే వదిలేసి, నీ దారిన నువ్వు పోయేవాడివి.

అక్క.


ఆఫీసు,
లెక్కింపు అయిన మర్నాడు.

అక్కా,

నాలుగు ఉత్తరాలు వేశాను, నీ నుంచి జవాబు లేదు. ఫోను మోగి ఆగిపోతోంది. అడగడానికి భయంగా ఉంది కాబట్టి నా సంగతే రాస్తున్నాను.

ఓడిపోయాం. ఓడిపోయాం అనేది పెద్ద మాట, దానికి ముందు పోటీ చేసి ఉండాలి. మొత్తం మీద మూడువందల పద్దెనిమిది. చెల్లని ఓట్లు మాకంటే పదకొండు రెట్లు. అధికారి ఫలితం చదువుతూ దువ్వెన దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకున్నాడు, ఎవడో ఈల వేశాడు. గెలిచినాయన అక్కడే మైకు పట్టుకుని, గంజాయి కేసుల్లో శిక్షలు రెట్టింపు చేస్తానని ప్రకటించాడు. చప్పట్లు. ఏడో కరపత్రం చదివి కళ్లు తుడుచుకున్నవాళ్ల చేతులు కూడా అందులో ఉన్నాయి, నేను చూశాను. జనం మీద నాకు కోపం రావాలి. ఆరేళ్లుగా దాని మీదే బతికాను. నిన్న రాలేదు. లెక్కల మాస్టారు రాజీనామా ఇచ్చారు, గది ఊడ్చి మరీ వెళ్లారు.

పోలింగు బూతుల వారీగా కాగితం ఇచ్చారు. మీ వీధి బూతు చూశాను. ఒక్కటి. మీ వీధిలో ఒకే ఒక్క దువ్వెన.

నా వల్ల అంత జరిగినా నువ్వు వెళ్లి నాకు ఓటేశావు. బావ మంచం దిగలేని స్థితిలో, ఆయన్ని ఎవరికో అప్పగించి, వరసలో నిలబడి వేసి ఉంటావు. ఆ ఒక్క అంకె మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నువ్వు నన్ను క్షమించావని అనుకోవచ్చా? కాదంటే కాదని రాయి. ఏదో ఒకటి రాయి.

తమ్ముడు.


ఇల్లు,
శనివారం.

తమ్ముడూ,

ఆ ఓటు నాది కాదు. మీ బావది.

పోలింగు రోజు పొద్దున్నే గడ్డం గీయమన్నారు. ఇస్త్రీ చొక్కా అడిగారు. ఎక్కడికని అడిగితే "పని ఉంది" అన్నారు. ఎలక్ట్రీషియన్, అతని తమ్ముడు కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. బడి మెట్లు పద్నాలుగు. మెట్టు మెట్టుకీ వాళ్లు ఆగుతామన్నారు, ఈయన వద్దన్నారు. లోపల ఆఫీసరు సాయం మనిషిని పంపమంటారా అంటే, "నా సంతకం నేనే పెడతాను" అన్నారు. అట్ట చాటున చాలాసేపు ఉన్నారు. బయటికి వచ్చేసరికి చొక్కా పిండొచ్చు. నా వైపు చూసి, "శిక్ష పడ్డవాళ్లకి ఓటుండదు తెలుసా? అతనిది కూడా నేనే వేశాననుకో" అన్నారు. పేరు అప్పటికీ గుర్తు రాలేదు.

తర్వాత నా వంతు. ఆయన కుర్చీలోంచి జారిపోతున్నారు. నేను వెనక్కి వచ్చి చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాను. నేను ఓటు వెయ్యలేదు. వేసి ఉంటే నీకు వేసేదాన్ని కాదు. ఎవరికి వేసేదాన్నో కూడా నాకు తెలీదు. కాబట్టి ఆ అంకె కింద నా పేరు రాసుకోకు.

అక్కడ మీ ఓట్లు లెక్కపెడుతున్న రోజు, పదకొండు గంటల వేళ పోయారు. నీకు కబురు పెట్టలేదు. మర్చిపోయి కాదు. నువ్వు వస్తే ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాలి. నా దగ్గర అంత ఓపిక లేదు. ఇప్పుడూ రాకు. కొన్నాళ్లయ్యాక రమ్మంటాను, లేదా అనను.

క్షమించడం గురించి అడిగావు. నాకు తెలీదురా. నువ్వు రాసింది నిజం, ఆయన చేసింది న్యాయం, నేను చేసింది అబద్ధం. ఆ అబద్ధంతో ఆయన అయిదు వారాలు కడుపు నిండా తిన్నారు, నా జుట్టు తెల్లబడిందని చూశారు. మీ నిజం, మీ న్యాయం వచ్చాక బతికినవి ఏడు వారాలు. ఆ ఏడింటినీ దగ్గరుండి చూసింది నేను. నువ్వు కాదు.

చివరి వారం ఆయన అరవలేదు. ఓర్చుకున్నారనుకున్నాను. ఇరుగుపొరుగు కూడా అదే అన్నారు, ఎంత ప్రశాంతంగా పోయారమ్మా అని. నిన్న పక్క బట్టలు తీస్తుంటే దిండు కింద ఆయన తువ్వాలు దొరికింది. అంచు పొడవునా నమిలి నమిలి పీచు చేశారు. అరుపు వింటే నేను బలవంతంగానైనా నోట్లో వేస్తానని తెలుసు ఆయనకి. నేను వేసి ఉండేదాన్ని.

దాన్ని ఇంకా ఉతకలేదు.

అక్క.